నా మూత కాకినాడలో ఉంది

నేను ఒక ఇత్తడి మరచెంబును. మెడకు మరలు, ఆ మరల మీద బిగిసే మూత, ఆ మూతే గ్లాసు. నన్ను చేసిన కంచరి పనివాడు ఆ మూతను వందసార్లు బిగించి, విప్పి, చుక్క కారదని నమ్మకం కుదిరాకే కొట్టుకు పంపాడు. ప్రయాణాల కోసం పుట్టినదాన్ని. ప్లాస్టిక్ సీసాలు వచ్చాక నాలాంటివన్నీ అటకెక్కాయి. నేను ఎక్కలేదు. మాణిక్యం ఎక్కనివ్వలేదు.

నన్ను కొన్నది ఆమె తండ్రి సూరన్న. గోదావరి రేవులో లాంచీ నడిపే సరంగు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. తల్లి మంచం పట్టడంతో పెద్దది మాణిక్యం బడి మొహం చూడకుండా వంటింట్లో ఉండిపోయింది. చిన్నది సువర్చల హాస్టల్లో ఉండి చదువుకుని టీచరయింది. సూరన్న పోయి, పెద్దకర్మ అయ్యాక, చిన్నది నన్ను తనకిమ్మని అడిగింది.

"నీకు చదువిచ్చాడు. చెంబు నాది" అంది మాణిక్యం.

ఆ ఒక్క మాట నలభై ఏళ్ళు ఇద్దరి మధ్యా నిలబడింది. పిలుపులు మానలేదు, చీరలు పెట్టుకోవడం మానలేదు. కానీ చెల్లెలు గుమ్మంలో అడుగుపెట్టేసరికి నేను బీరువాలో ఉండేదాన్ని. చెల్లెలంటే అసూయ అని మాణిక్యం ఒప్పుకోదు. మనుషులు ఒప్పుకోరు. చెంబులం కాబట్టి మాకా మొహమాటం లేదు. నా అసూయ సంగతీ చెబుతాను.

సువర్చల రిటైరయ్యాక బాలి ద్వీపం చూడాలంది, తోడుగా అక్కే రావాలంది. మాణిక్యం మూడు నెలలు వంకలు పెట్టింది. మోకాళ్ళంది, గేదె ఈనబోతోందంది. గేదె ఈనేసింది, వంకలు అయిపోయాయి. "కోనసీమలో పుట్టి, కొబ్బరిచెట్లు చూడ్డానికి సముద్రం దాటాలా" అని గొణుగుతూనే పాస్‌పోర్టు కాగితం మీద సంతకం పెట్టింది. ఆ సంతకం ఆమె యాభై దాటాక నేర్చుకున్నది. 'ణ' దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మిగతాది రాసింది. పక్కన సువర్చల అయిదు కాగితాలు చకచకా నింపేసింది. ఆ చేతివంక మాణిక్యం చూసిన చూపు నాకు తెలుసు.

నీళ్ళు మారితే ఒళ్ళు చెడుతుందని మా వైపు నమ్మకం. అందుకని నన్ను ఇంటి నీళ్ళతో నింపింది. విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి పారబొయ్యమంది. మాణిక్యం పారబోసే రకమా? అక్కడే నిలబడి, మూతలోకి వంపుకుని, అడుగు దాకా తాగేసింది. వెనక వరస మొత్తం ఆగింది. ఆ తరవాత విమానంలో నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లూ "ఎందుకొచ్చిన ప్రయాణం" అనుకుంటూ కూర్చుంది.

ఇక నా శత్రువు. సువర్చల కొత్తగా కొన్న నీలం రంగు ఫ్లాస్కు. పొద్దున పోసిన చల్లనీళ్ళు రాత్రికీ చల్లగా ఉంచుతుందట. నాలో చల్లనీళ్ళు పోస్తే ఒళ్ళంతా చెమటలు పడతాయి. దానికి చెమటన్నదే లేదు. హోటల్లో మా ఇద్దరినీ ఒకే బల్ల మీద పెట్టారు. గది సర్దే అమ్మాయి కూడా నన్ను గుడ్డతో తుడిచి, దాన్ని చేత్తో నిమిరింది.

మాణిక్యానికి ఆ ఊరు నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికి రోజుకో కొత్త కారణం వెతుక్కునేది, పాత కారణం సాయంత్రానికల్లా వీగిపోయేది. వాన మన వానే, కప్పలు మన కప్పలే అంది. ఎండ కోసం ఇంతదూరం వచ్చి ఒళ్ళు కాల్చుకునే తెల్లవాళ్ళను చూసి ముక్కున వేలేసుకుంది. కానీ గుమ్మాల ముందు లేత కొబ్బరాకుతో అల్లిన చిన్న దొప్పల్లో దేవగన్నేరు పూలు పెట్టి ఉంటే, తొక్కకుండా చీర ఎత్తుకుని పక్కకు తప్పుకునేది. ఒకనాడు ఆ దొప్పలు అల్లే ఆవిడ పక్కన చతికిలబడి తానూ ఒకటి అల్లింది. ఆవిడ అల్లిక తన అల్లికకన్నా సన్నం. ఆ రాత్రి కూర బాగాలేదని పేచీ పెట్టింది.

నాలుగోరోజు సముద్రానికి వెళ్ళారు. సువర్చల పంజాబీ డ్రస్సులోనే నీళ్ళలోకి దిగి, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. మాణిక్యం ఒడ్డున చెప్పులకూ, సంచులకూ, ఫ్లాస్కుకూ, నాకూ కాపలా కూర్చుంది. అరవై ఏళ్ళుగా ఇదే. ఆ పిల్ల వెళుతుంది, ఈవిడ కాపలా.

ఇంతలో ఒక పెద్ద అల వచ్చింది. ఫ్లాస్కు పడి దొర్లింది. చెయ్యి చాపితే అందేది. మాణిక్యం చాపలేదు. నన్ను మాత్రం ఒళ్ళోకి లాక్కుంది. ఆ నీలం వగలాడి రెండుసార్లు మునిగి తేలి వెళ్ళిపోయింది. అబద్ధమెందుకు, నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు.

సువర్చల ఒగరుస్తూ వచ్చి నీళ్ళడిగింది. మాణిక్యం నా మూత విప్పి, నింపి ఇచ్చింది. చెల్లెలు తాగుతుంటే చూస్తూ చూస్తూ అంది:

"నీ ఫ్లాస్కును అల తీసుకుపోలేదే. నేనే పోనిచ్చాను."

"తెలుసు. నీళ్ళలోంచి చూస్తూనే ఉన్నాను."

మాణిక్యం తల దించుకుంది. సువర్చల మూతను చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"నన్ను బడికి పంపాడని నీకు కోపం. నాకు నాన్నంటే ఎవరక్కా? నెలకోసారి హాస్టలు గేటు దగ్గర నిలబడే మనిషి. నువ్వు రోజూ అన్నం పట్టుకెళ్ళి, ఆయనతో లాంచీలో అవతలి ఒడ్డుదాకా వెళ్ళొచ్చేదానివి. దీంతోనే ఇద్దరూ నీళ్ళు తాగేవారు. సెలవులకొచ్చినప్పుడు ఆ కబుర్లు నువ్వు చెబుతుంటే, దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని."

మాణిక్యం లేచి, చెప్పులు అక్కడే వదిలేసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని మోకాళ్ళలోతు దాకా నడిచింది. ఆ రోజు మాకు కాపలా ఎవరూ లేరు.

తిరిగొచ్చి విడిపోయేచోట మాణిక్యం నన్ను చెల్లెలికి ఇవ్వబోయింది. సువర్చల నన్ను పుచ్చుకోలేదు. మూత విప్పి సంచిలో వేసుకుంది. "నాన్న పెదవి తగిలింది దీనికి. చెంబు నీ దగ్గరే ఉండనీ" అంది.

అలా నా మూత సువర్చలతో కాకినాడ వెళ్ళింది. నేను మాణిక్యం కిటికీలో నోరు తెరుచుకుని కూర్చున్నాను. రోజూ ఉదయం దాంతోనే నీళ్ళు తాగుతుందట సువర్చల. ఫోనులో ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్లాస్కు పరాయిది, పోయింది. ఇది నా సొంత మెడ మీద పుట్టింది.

మూత లేని మరచెంబు ప్రయాణానికి పనికిరాదు. నిన్న మాణిక్యమే కాకినాడకు ఫోను చేసింది. ఈసారి ఎక్కడికని చెల్లెలు అడిగినట్టుంది.

"ఎక్కడికైనా సరేనే. నువ్వు మూత పట్టుకురా, చాలు."