గోరంత చిప్పులో నెల్లాళ్ల దారి

రంజాన్ లారీ వెనక తలుపు మీద రెండు పచ్చ చిలకలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉంటాయి. తాడిపత్రి లారీ స్టాండులో ఆ బొమ్మ తెలియనివాళ్లు లేరు. బండల లోడు ఎత్తుకుని కల్యాణదుర్గం, కుందుర్పి మీదుగా కర్ణాటకకు పోయిరావడం ఆయన పని. ఇన్నేళ్లలో ఆ దారిలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదని ఆయనకు గర్వం. అందుకే కూతురు ఆరీఫా లారీకి కెమెరా బిగిస్తానన్నప్పుడు ఆయనకు కోపం వచ్చింది.

"నాకు రెండు కండ్లుండాయి పాపా. ఇంగో కన్ను యాల?"

"నీ కండ్లు చూసింది నీకొక్కనికే తెలుస్తాది నాయనా. ఇది చూసింది ఎవురికైనా చూపియ్యొచ్చు."

ఆరీఫాది బస్టాండు పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. డిప్లొమా చదివిన పిల్ల గవర్నమెంటు కొలువు తెచ్చుకోకుండా పగిలిన ఫోన్లు పట్టుకుని కూర్చుందని రంజాన్ ఇంట్లో సణుగుతూనే ఉంటాడు. ఆమె పట్టించుకోదు.

ఆ రోజు ఆమె ఒక నల్లటి చిప్పును బొటనవేలి గోరు మీద పెట్టి చూపించింది. సరిగ్గా గోరంత ఉంది.

"ఇంత దాంట్లో ఏం పడ్తాది?" అన్నాడు రంజాన్.

"నీ బండి నెల, నెలన్నర తిరిగిందంతా పడ్తాది. నేను ఇస్కూలుకు పోయేటప్పుడు ఇట్లాంటి దాంట్లో నూరు పాటలు పడితే గొప్ప. ఇంగ కొన్నేండ్లు పోనీ, నీ లారీ షోరూం నుంచి వచ్చిన దినం మొదలు పాత ఇనుముకు పోయేదాకా తిరిగిన దారంతా ఈ గోరంతలోనే ఉంటాది. చోటు చాల్లేదు, చెరిపేసినా అనే మాటే ఉండదు."

మిగతా లారీవాళ్లు పెట్టించుకునే కెమెరాల్లో చిన్న చిప్పులుంటాయి. నాలుగు రోజులు కాగానే పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటాయి. ఆరీఫా మాత్రం బెంగళూరు నుంచి ఒక టెరాబైట్ చిప్పు తెప్పించింది. ముందు అద్దానికి ఒక కెమెరా, వెనక చిలకల పైన ఒక కెమెరా బిగించింది. "పెట్టుకోనీ, దానికి తెలిసిన పని అది" అని తల్లి మస్తానాబీ అన్నాక రంజాన్ ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకు కెమెరా ఉన్న సంగతే మరిచిపోయాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున, భుజాన కంబళి వేసుకున్న మనిషొకడు లారీ స్టాండుకు వచ్చాడు. వెంట అతని అక్క ఉంది. వచ్చినవాడు లారీల వెనక భాగాలు చూసుకుంటూ నడిచి, చిలకల దగ్గర ఆగాడు.

"ఈ బండి ఎవురిదప్పా?"

"నాదే. ఏమి?" అన్నాడు రంజాన్.

"నా జీవాల్ని తొక్కిచ్చి తిరిగి గూడా చూడకుండా పోయినావు గదా! మనిషివేనా నువ్వు?"

అతని పేరు ఓబిలేష్. కుందుర్పి అవతల పల్లెలో గొర్రెలు మేపుకుంటాడు. అక్క పేరు హనుమంతమ్మ. మంద ఇద్దరిదీ. నెల కిందట ఒక పొద్దున రోడ్డు దాటుతున్న మందను ఏదో బండి తొక్కేసి పోయింది. పదీ పన్నెండు గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. అందులో చూలువే ఎక్కువ.

"నేను తొక్కల్యా" అన్నాడు రంజాన్. అంతమందిలో ఆ మాట పడడం ఆయనకు తల తీసేసినట్టయింది.

"నేనే చూసినా గదప్పా! దుమ్ములో నీ చిలకలు పోతాండేది నా కండ్లతో చూసినా. అప్పట్నుంచి ఊరూరా అడుగుతాండా ఈ బొమ్మ ఎవురిదని. పెట్రోలు బంకుల్లో కెమెరాలుంటాయంటే ఆడా అడిగినా. అన్ని దినాలు నిలవవు, చెరిగిపోతాయి అన్నారు."

చుట్టూ చేరిన డ్రైవర్లు రంజాన్ వైపు మాట్లాడారు. ఓబిలేష్ చేతికర్ర పైకి లేచింది. రంజాన్ మధ్యలోకి వచ్చి ఆ కర్ర పట్టుకున్నాడు.

"కొట్లాడేది ఎప్పుడైనా కొట్లాడొచ్చు. నా బండికి కెమెరా ఉండాది, ముందు నా బిడ్డ షాపుకు పోదాం పా. నేను తొక్కినట్ల కనపడితే నువ్వేమంటే అది."

షాపులో ఆరీఫా వాళ్లకు స్టూళ్లు వేసి, తాగడానికి నీళ్లిచ్చి, సంగతంతా విన్నది.

"ఏ దినం జరిగిందన్నా?"

"మా మారెమ్మ జాతర అయిన మరుసటి దినం" అన్నాడు ఓబిలేష్.

"బేస్తవారం. పొద్దు అప్పుడే ఎక్కుతాండాది" అన్నది హనుమంతమ్మ.

రంజాన్ కూతురి చెవి దగ్గర వంగి మెల్లగా అడిగాడు. "నెల దాటింది గదా పాపా. ఉంటాదా?"

"దాటితే ఏమి నాయనా. ఉంటాది."

ఆమె లారీ కెమెరాలోంచి చిప్పు తీసుకొచ్చి లాప్‌టాప్‌లో పెట్టింది. తేదీ దొరికింది. కుందుర్పి దాటిన చోటు ఎక్కడుందో పట్టుకోవడానికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అక్కడక్కడా ఆపుతూ ముందుకు జరిపింది. ఆ పూట లారీలో రంజాన్ పక్కన స్నేహితుడు ఇనాయతుల్లా కూడా ఉన్నాడు. కల్యాణదుర్గంలో దిగబోయే మనిషి. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఆరీఫా ఒకచోట ఆపగానే తండ్రి గొంతు వినపడింది.

"కొలువు రాల్యాదని దాన్ని కసురుకుంటా గానీ ఇనాయతూ, మా పాప చెయ్యి చెయ్యి గాదు. నీళ్లల్లో పడి సచ్చిపోయిన ఫోను గూడా దాని చేతిలో పెడితే లేసి కూచుంటాది. దాన్ని చూస్తే నాకు ధైర్యం. ఎదురుగా చెప్తే ఎగురుతాదని చెప్పను."

ఆరీఫా చెయ్యి ఆగిపోయింది. అదే మాట మళ్లీ ఒకసారి విన్నది.

"ఏమైంది పాపా? చెరిగిపోయిందా?" అన్నాడు రంజాన్ కంగారుగా.

"ల్యా నాయనా. అంతా ఉండాది" అని, తల తిప్పకుండానే వీడియోను ముందుకు జరిపింది.

కుందుర్పి దాటాక దొరికింది. ఇయర్‌ఫోన్లు తీసేసి లాప్‌టాప్‌ను అందరికీ కనపడేట్టు తిప్పింది.

ముందు కెమెరాలో రోడ్డు పక్కన మంద. సగం జీవాలు రోడ్డు ఎక్కుతున్నాయి. లారీ నెమ్మదించి, నిలబడిపోయింది. హారన్ లేదు. "పోండి తల్లీ, నిదానంగా పోండి" అంటున్న రంజాన్ గొంతు. దారి దొరికాక లారీ పక్కనుంచి మెల్లగా కదిలింది. మందలో సగం ఇంకా రోడ్డు మీదే ఉంది.

"నువ్వు యాడున్నావన్నా అప్పుడు?" అడిగింది ఆరీఫా.

"కింద నీళ్ల పైపు వాల్వు కారుతాంటే క్యాను పట్టుకుంటాన్నా" అన్నాడు ఓబిలేష్.

కాస్త దూరం పోగానే ఎదురుగా ఒక టిప్పర్ రోడ్డు నడిమధ్యలో దూసుకొచ్చింది. రంజాన్ తిట్టుకుంటూ లారీని మట్టిలోకి దించాడు. ఆరీఫా ఆ ముక్క ఆపి, వెనక కెమెరా తెరిచింది. అదే టిప్పర్, ఈసారి దూరమవుతూ, మంద వైపు పోతోంది. వేగం తగ్గలేదు. హనుమంతమ్మ కొంగు కండ్లకు అడ్డం పెట్టుకుంది. దుమ్ము లేచింది. టిప్పర్ మలుపు తిరిగి మాయమైంది. ఆ తర్వాత పల్లంలోంచి క్యాను పట్టుకుని ఒక మనిషి రోడ్డెక్కాడు. మలుపు వైపు ఏమీ లేదు. ఇటు తిరిగి, తిన్నగా కెమెరా వైపు చూశాడు. అతనికి కనపడింది దుమ్ములో పోతున్న చిలకలే.

ఓబిలేష్ కర్ర గోడకు ఆనించి, రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది అన్నా. నలుగుర్లో నోరు జారినా."

"నీ జాగాలో నేనుంటే నేనూ అట్లే అనుకుందును" అన్నాడు రంజాన్.

ఆరీఫా టిప్పర్ నంబరును పెద్దది చేసింది. అంకెలు అద్దంలో చూసినంత స్పష్టంగా ఉన్నాయి. రంజాన్ వాటిని చూసి, లేచి షాపు బయటికి పోయి నిలబడ్డాడు.

"తెలిసినోళ్లదా?" అడిగింది హనుమంతమ్మ.

ఆరీఫాకు కూడా తెలుసు ఆ బండి ఎవరిదో. కానీ ఆమె తండ్రి కోసం గుమ్మం వైపు చూసింది. చెప్పడమో మానడమో తండ్రి ఇష్టమనుకుంది. రంజాన్ ఎక్కువసేపు తీసుకోలేదు. లోపలికి వచ్చి చెప్పాడు.

"రాఘవేంద్రది. బండల ఫ్యాక్టరీ ఆయనది. నాకు లోడు ఇచ్చేది గూడా ఆయనే. పాండి, పోదాం."

ఫ్యాక్టరీలో రాళ్లు కోసే మిషన్ల మోత చెవులు పగలగొడుతోంది. రాఘవేంద్ర వాళ్లను ఆఫీసు గదిలోకి పిలిచి, ఆరీఫా ఫోన్‌లో వీడియో చూశాడు. రెండోసారి కూడా చూశాడు.

"బంపరు మోరీ గోడకు తగిలిందని చెప్పినాడే ఆ డ్రైవరు" అని గొణిగి, రంజాన్‌ను ఒక పక్కకు తీసుకుపోయాడు. "రంజానూ, ఎంతుండాది ఆ చిప్పు? గోరంత. యాడో జారిపోయింది అంటే ఎవురడుగుతారు? నువ్వు మన మనిషివి."

"జారిపోయింది అని నేనంటే, కండ్లారా చూసిన ఆ మనిషికి మొహం ఎట్ల చూపించేది సామీ? ఆ దారిలో నేను మళ్లా పోవల్ల."

"లోడు సంగతి ఆలోచించుకున్యావా?"

"ఆలోచించుకునే వచ్చినా."

రాఘవేంద్ర మొహం ఎర్రబడింది. అప్పుడు ఆరీఫా ముందుకు వచ్చింది. "అన్నా, స్టేషనుకు పోతే మీ డ్రైవరు లోపలికి పోతాడు. వీళ్లకు జీవాలైతే రావు. మీరే న్యాయం చెయ్యండి."

"నాకు దుడ్లు వద్దు" అన్నాడు ఓబిలేష్. "జీవాలు పోయినాయి, జీవాలే కావల్ల."

రాఘవేంద్ర కిటికీలోంచి టిప్పర్ల వైపు చూసి, సరే అన్నాడు. ఆ వారంలోనే అనంతపురం సంతలో గొర్రెలు కొన్నారు. ఏరింది హనుమంతమ్మ. ఒక్కోదాని నోరు తెరిచి పండ్లు చూసి, పొట్ట నిమిరి చూసి, చూలుతో ఉన్నవాటినే తీసుకుంది. రాఘవేంద్ర మనిషి తొందరపెడితే, "నీ టిప్పరు మాదిరి ఉరకొద్దప్పా" అని కసిరింది.

రాఘవేంద్ర మాత్రం రంజాన్‌కు లోడు ఆపేశాడు. రంజాన్ ఆయన దగ్గరికి పోయి అడగలేదు. సిమెంటు లోడ్లు చూసుకున్నాడు. దూరం ఎక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. అయినా ఇంట్లో ఆ మాట ఎత్తి బాధపడలేదు. ఈలోగా స్టాండులో కథ పాకిపోయి, డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఆరీఫా షాపుకు వచ్చారు. "చిన్న చిప్పు వద్దు పాపా, మీ నాయనకు పెట్టినట్లాంటిదే పెట్టు" అని అడిగారు.

వానలు మొదలయ్యే ముందు రాఘవేంద్ర కూడా వచ్చాడు. అప్పుడు రంజాన్ షాపులోనే కూర్చుని టీ తాగుతున్నాడు.

"నా టిప్పర్లన్నిటికీ బిగించల్ల ఆరీఫా. ఎవుడు ఎట్ల తోలుతాండాడో నాకు తెలియాల. మాటలు గూడా రికార్డు కావల్ల. నా ఎనక ఏం మాట్లాడుకుంటారో వింటా."

"దారి పెడతా అన్నా. మాటలు పెట్టను."

"ఏం, చిప్పులో చోటు చాలదా?"

"ఎంతైనా పడ్తాది. వచ్చే ఏడు ఇంగా ఎక్కువ పడ్తాది. చోటుండాది గదా అని మనిషి క్యాబిన్‌లో అనుకునేదంతా ఎత్తి పెట్టుకోగూడదు. ఎవురికి చెప్పల్లనో వాళ్లు చెప్పుకుంటారు. అది గూడా కావల్లంటే వేరే షాపు చూసుకోండి."

రాఘవేంద్ర రంజాన్ వైపు తిరిగి, "నోరు నీదే వచ్చిందప్పా ఈ పిల్లకు" అన్నాడు. రంజాన్ నవ్వు దాచుకోవడానికి టీ గ్లాసు పైకెత్తాడు.

మరుసటి రోజు ఆరీఫా ఫ్యాక్టరీ ఆవరణలో టిప్పర్లకు కెమెరాలు బిగించింది. మూడో టిప్పర్ డ్రైవరు శశి. గొర్రెలను తొక్కింది అతనే. నిచ్చెన పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఆరీఫా అతనికి మాటల స్విచ్ ఆఫ్‌లో ఉందని చూపించింది.

"ఆ పొద్దు నిద్ర పట్టేసింది అక్కా" అన్నాడు శశి. "రెండు రాత్రులుగా తోలుతానే ఉంటి. దిగి చూసేదానికి ధైర్యం చాల్లేదు."

"నువ్వు ఎన్ని గంటలు తోలినావో అది గూడా దీంట్లో పడ్తాది శశీ. ఎప్పుడు ఆపినావు, ఎప్పుడు పండుకున్యావు, అంతా." ఆమె కావాలనే గొంతు పెంచింది. "నీ తప్పు ఒక్కటే కనపడదు."

కాస్త దూరంలో నిలబడిన రాఘవేంద్రకు ఆ మాట వినపడింది. ఆయన మేస్త్రీని పిలిచి, ఆ రాత్రి లోడుకు శశి బదులు ఇంకొకరిని పంపమన్నాడు. తర్వాత గేటు దగ్గర కూతురి కోసం నిలబడి ఉన్న రంజాన్ దగ్గరికి నడిచాడు.

"ఎల్లుండి బండలుండాయి. కుందుర్పి దారి. పోతావా?"

"పోతా" అన్నాడు రంజాన్.