తలగీత చెరిపిన అక్షరాలు

ఎదుటి బ్లాకు కిటికీల్లోంచి చాచిన వెదురుగడలకి చొక్కాలూ దుప్పట్లూ వేలాడుతున్నాయి, ఎవరైనా గడ లాగేసి బట్టల్ని గాల్లోనే ఉండమంటే ఉంటాయా, ఉండవు, మరి తను చేసిందేమిటి అనుకుంటూనే చాముండేశ్వరి బెడోక్ స్టేషన్లో రైలెక్కింది, సీటున్నా కూర్చోలేదు, నిలబడితేనే ఆమెకి ఆలోచన తెమలుతుంది, పోయినేడు తనే హిందీకి గీసిన నాగరి ఫాంటు, అక్షరాల నెత్తిన ఉండే గీత చెరిపేసి, రెండు లిపుల్లో పోలిక కలవని అక్షరాలు కొన్ని మార్చి, ఇదిగో గుజరాతీ అంటే స్టూడియో నడిపే శ్రీనాథ్ ఆఫీసంతటికీ కాఫీలు తెప్పించాడు, ఇవాళ మధ్యాహ్నానికి పంపితే ఫోన్ల కంపెనీవాళ్లు తీసుకుంటారు, ఆ తర్వాత ఎన్ని లక్షల ఫోన్లలో కూర్చుంటుందో, వెనక్కి రమ్మంటే వస్తుందా,

ఎదురింటి హంసాబెన్ ఆంటీకి నిన్న చూపించకపోతే ఈ గొడవే లేదు, ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివి, చదవడానికి వస్తున్నాయి బేటీ, కానీ ఇవి మావి కావు, మా ఇంటికి దారితప్పి వచ్చిన చుట్టాల్లా ఉన్నాయి అని నవ్వి, టీలో వేలు ముంచి బల్లమీద గుజరాతీ ప రాసింది, నిలువుగీత కిందికి దిగి నాగరిలోలా ఊరికే ఆగిపోలేదు, పాదం దగ్గర కుడివైపుకి చిన్నగా తిరిగింది, తర్వాత గ, తర్వాత మ, అన్నిటికీ ఆ ఒంపే, చాముండికి చెవులు వేడెక్కాయి, రేపెవరో కన్నడ అక్షరాలకి తలకట్లు మార్చి ఇదే మీ తెలుగు, పుచ్చుకోండంటే తను ఊరుకుంటుందా, దుమ్ము దులపదూ,

ఫోను మోగింది, శ్రీనాథే, ఏవండీ చాముండిగారూ, ఫైలు పంపేద్దామా, వద్దండీ, మొదట్నించీ గీయాలి, అదేంటండీ, మొన్న మీరేగా ఓకే అన్నారు, అన్నానండీ, తప్పు, అంత చిన్న ఒంపు ఎవరు చూస్తారండీ బాబూ, చదివేవాళ్లు చూస్తారండీ, వెనకనించి కొత్తగా చేరిన వర్షిత గొంతు, ఆంటీ, గుడ్ ఇనఫ్ లా, అని ఇక్కడివాళ్ల యాసలో, శ్రీనాథ్ నవ్వలేదు, ఇవాళ ఇవ్వకపోతే పని ఇంకో స్టూడియోకి పోతుందండీ, ఆరునెల్ల కష్టం, తెలుసుగా, తెలుసండీ, పోతే పోనివ్వండి, నా చేత్తో మాత్రం ఇది పంపను, అంది, సరే, వాళ్లని గడువడిగి చూస్తాను, ఇస్తారని మాత్రం అనుకోకండి, అని పెట్టేశాడు,

పాయా లేబార్ స్టేషన్లో జనం తోసుకుంటూ దిగారు, ఆమె కూడా దిగింది, గడువిచ్చినా ఇవ్వకపోయినా ఇవాళ కొత్త ఫైలు తెరవాలి, నాగరిని పక్కన కూడా పెట్టుకోకూడదు, ఆరునెల్లూ లేని గీత గురించే ఆలోచించింది గాని ఉన్న అక్షరాన్ని చూసిందా, చెయ్యి ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ తిరుగుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది అని ఒక్కసారైనా అడిగిందా, లేదు, తను ఇంతవరకూ చెరిపిందే గాని గుజరాతీ రాయడం ఇంకా మొదలే పెట్టలేదు.