మూడంకెలకే కత్తెర

అమెరికాలోని డులూత్‌లో చర్చి వంటింటి నుంచి ముసలివాళ్ల ఇళ్లకు రోజూ మధ్యాహ్నం భోజనం డబ్బాలు వెళ్తాయి. వాటి మీద అంటించే చీటీలు రాసి రాసి జోనెల్‌కు చెయ్యి పడిపోయేది. లైబ్రరీలో ప్రోగ్రామింగ్ క్లాసుకు నాలుగు వారాలు వెళ్లిందో లేదో, ఆ చీటీలు కంప్యూటర్ చేతే అచ్చు వేయించింది. అక్కడ చిరునామా ఇంటి నంబరుతోనే మొదలవుతుంది కాబట్టి, మొదటి మూడు అక్షరాలు కత్తిరించి తీసుకుంటే ఆ నంబరు వచ్చేస్తుంది. తన ఇల్లు 312తో సరిచూసుకుంది, సరిపోయింది. ఇక ఆవిడను పట్టుకునేదెవరు? వంటింట్లో కనిపించిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయింది.

వారం తిరిగేసరికి 114లో ఉండే డెల్బర్ట్ పొట్ట నిమురుకుంటూ వచ్చాడు.

"నీకు దండం పెట్టాలి జోనెల్! రోజూ రెండేసి డబ్బాలు పంపుతున్నావు. ప్యాంటు గుండీ పట్టనంటోంది."

"రెండా? నీకు రెండెందుకు పంపుతాను?"

"నాకేం తెలుసు? వద్దంటే నొచ్చుకుంటావని తింటున్నా."

జోనెల్ గబగబా కంప్యూటర్ తెరిచింది. డెల్బర్ట్ ఉండే వీధి చివర, కొండ మీద, ఒకే ఒక్క నాలుగంకెల ఇల్లుంది, 1147. తొంభైకి దగ్గరపడ్డ ఆర్విడ్ అందులో ఒంటరిగా ఉంటాడు. ఆయన చీటీ మీద చివరి ఏడు పడనేలేదు. కొత్త డ్రైవరు చీటీలో ఉన్న ఇంటికే ఇచ్చేసి వచ్చాడు, పాపం. ఎన్నంకెలున్నా సరే, వాటి తర్వాత ఖాళీ చోటు వచ్చేదాకా కత్తిరించి తీసుకోవాలని క్లాసులో చెప్పారు. ఎవరి ఇల్లయినా మూడంకెలేగా అని ఆ పాఠాన్ని కొట్టిపారేసింది తనే. వారం రోజులు ఆ మనిషి ఏం తిన్నాడో! ఫోనైనా చేయలేదేం? చేయడు. ఈ ఊరివాళ్లు మంచులో కూరుకుపోయినా ఇంకొకరికి శ్రమ ఇవ్వరు.

వేడి డబ్బా తీసుకుని కారు కొండెక్కించింది. తలుపు తీసిన ఆర్విడ్ చిక్కిపోయాడు. వెనక బల్ల మీద ఉప్పు బిస్కెట్లు తప్ప ఏమీ లేవు. డబ్బా చూడగానే ఆయనే ముందు నోరు విప్పాడు.

"క్షమించు తల్లీ. పోయినసారి పంపిన హాట్‌డిష్ వంటకంలో ఉప్పు లేదన్నాను. అనకుండా ఉండాల్సింది. అందుకే మానేశారనుకుని, అప్పట్నుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నా."

జోనెల్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయ్యో, కాదండీ! తప్పు నాది. మీ ఇంటి నంబర్లో చివరి అంకె నేనే కోసేశాను..." అంటూ డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

ఆర్విడ్‌కు అంకెల గోల ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"అయితే ఉప్పు గురించి కాదా?"

"కాదండీ."

"అమ్మయ్య!" అన్నాడు ఆయన, ముఖమంతా వెలిగిపోతూ. "లోపలికి రా, కాఫీ పెడతా."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది జోనెల్‌కు.