నాకు పట్టించిన మెరుగు

నేను ఒక టాపెట్ కవర్‌ను. ఇంజన్ నెత్తి మీద బోర్లించిన అల్యూమినియం మూత అనుకోండి, సరిపోతుంది. నా కింద రాకర్లనే ఇనప మీటలు ఎగిరెగిరి పడుతుంటే, చిందే వేడి నూనె బయటికి రాకుండా అడ్డుపడటం నా ఉద్యోగం. మామూలు కార్లలో మా జాతి మొహం ఎవరూ చూడరు. బానెట్ కింద చీకట్లో మసి కొట్టుకుని, ఎప్పుడైనా దూరే ఎలుకలతో కాలక్షేపం చేస్తూ బతుకు వెళ్ళదీస్తాం. నా ఖర్మ కాలి, నేను అందరికీ కనపడాల్సిన కారులో పడ్డాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న కొలిమిలో, ఇసుక అచ్చులో పుట్టాను. పుట్టుకతో అందగాణ్ణేమీ కాదు. ఒళ్ళంతా గరుకు, రంగు బూడిద. గోడలు మాత్రం దిట్టం. నన్ను కొలిమి నుంచి తెచ్చుకున్న మెకానిక్ సువర్ణరాజు అటూ ఇటూ తిప్పి చూసి, "పోత మంచిగా కుదిరింది. దీన్ని ఇట్టాగే వదిలేస్తే మనకంటే ఎక్కువ కాలం బతుకుద్ది" అన్నాడు. నా గురించి ఒక మనిషి అన్న మంచి మాట అదొక్కటే. అందుకే ఇంకా గుర్తుంది.

కారు దివాకర్ గారిది. ఆయనకు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, చేతిలో తీరికా ఉంది. పాతకాలం కారు డొక్కు ఒకటి కొని, పైకప్పు కోయించి, దానికి మూడింతల బలమున్న ఇంజన్ పెట్టించి, బానెట్ పీకించేశాడు. ఇలాంటి బండిని హాట్ రాడ్ అంటారట. దాని గొప్పంతా ఇంజన్ నలుగురికీ కనపడటంలోనే ఉంది. ఇంజన్ అంటే పైనుంచి చూసేవాడికి ముందు కనపడేది నేనే. దాంతో నా ఒంటికి ఏం పూయాలి, ఎలా మెరిపించాలి అనే చర్చ మొదలైంది. పెళ్ళికూతురి చీర కొనడానికి కూడా అంత చర్చ జరిగి ఉండదు.

"పోత రంగే ఉంచుదాం సార్" అన్నాడు సువర్ణరాజు. "నూనె చెమర్చినా, పగులొచ్చినా ఎంటనే కనపడుద్ది."

"బనియన్ మీద పెళ్ళికి వెళ్తామా రాజూ?" అని నవ్వాడు దివాకర్.

క్రోమ్ పూతన్నారు. అల్యూమినియం మీద అది నాలుగు రోజులకే పొరలు పొరలుగా లేస్తుందని సువర్ణరాజు వద్దన్నాడు. రంగు పట్టే యానోడైజింగ్ అన్నారు. పోత సరుకు మీద అది మురికి పట్టిన గోడలా తేలుతుందని ఎవరో చెప్పారు. పౌడర్ చల్లి ఓవెన్‌లో కాల్చే పౌడర్ కోటింగ్ అన్నారు. చివరికి అద్దంలా బఫింగ్ చేయించడమే ఖాయమైంది. అలా నేను ఏసోబు చేతికి వచ్చాను.

ఏసోబు సువర్ణరాజుకు బావమరిది. సువర్ణరాజు భార్య శాంతకుమారికి సొంత తమ్ముడు. తల్లీతండ్రీ లేని ఏసోబును పదేళ్ళ వయసు నుంచి పెంచిందీ, ఈ పని పెట్టించిందీ ఆ బావే. ఆ వీధిలో ఒకప్పుడు అరడజను బఫింగ్ చక్రాలు తిరిగేవి. పౌడర్ కోటింగ్ ఓవెన్లు వచ్చాక ఒక్కొక్కటే ఆగిపోయి, ఏసోబు చక్రం ఒక్కటే మిగిలింది. దివాకర్ కారు తన పనితనాన్ని ఊరందరికీ చూపిస్తుందని అతనికి గంపెడాశ. నల్లబడిన వేళ్ళతో నన్ను పట్టుకుని, గుడ్డ చక్రానికి ఆనించి, మూడు రోజుల్లో అద్దం చేశాడు. నా ఒంటి మీది మెరుపంటే నాలోంచి అరగదీసిన లోహమే. ఆ సంగతి చూసేవాళ్ళకు పట్టదు.

దివాకర్ వచ్చి నాలో చూసుకుని తల దువ్వుకున్నాడు. మూడు వారాలు గడిచేసరికి వేలిముద్రలు పడుతున్నాయని విసుగు పుట్టింది. నల్ల పౌడర్ కోటింగ్ చేయించాడు. ఇంకో నెల తిరిగేసరికి పాతకార్ల ప్రదర్శన వచ్చిపడింది. అదే ప్రదర్శనకు ఇంకెవరో నల్ల ఇంజనుతో వస్తున్నారని తెలిసి, మళ్ళీ అద్దం కావాలన్నాడు. "ఎల్లుండి పొద్దునకల్లా" అన్నాడు. మనుషులు తమకు నచ్చింది ఎంచుకుంటారని అనుకునేవాణ్ణి. పక్కవాడి దగ్గర లేనిదాన్ని ఎంచుకుంటారని ఆ రోజు తెలిసింది.

పౌడర్ పూత ఒలవాలంటే రిమూవర్ పూసి, ఉబ్బేదాకా ఆగి, గీకి, మళ్ళీ పూయాలి. అదే రెండు రోజుల పని. పక్క షెడ్డులో ఇనప సామానుకు రంగు వదిలించే కాస్టిక్ సోడా తొట్టి ఉంది. ఇనుమును రోజంతా అందులో ఉంచినా ఏమీ కాదు. అల్యూమినియాన్ని మాత్రం అది తినేస్తుంది. ఏసోబుకు ఈ సంగతి తెలియదనుకునేరు. ఇరవై ఏళ్ళ పనివాడు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఐదు నిమిషాలు ముంచి తీస్తే రంగు పోతుంది, సరుకు దక్కుతుంది అనుకున్నాడు. పొద్దుటి నుంచి కరెంటు లేదు. నన్ను తీగకు కట్టి తొట్టిలోకి దించాడో లేదో కరెంటు వచ్చింది. మళ్ళీ ఎప్పుడు పోతుందో తెలియదు కదా, మిగిలిన పార్టులు లాగించేద్దామని చక్రం దగ్గరికి పరిగెత్తాడు. మోటారు మోతలో పడి నన్ను మరిచిపోయాడు.

నలభై నిమిషాలు ఆ తొట్టిలో ఉన్నాను. నురగలు కక్కుకుంటూ, వేడెక్కుతూ, కరుగుతూ ఉన్నాను. గొంతుంటే అరిచేవాణ్ణి.

పైకి తీసేసరికి నల్లగా, స్ఫోటకం వచ్చినవాడి మొహంలా గుంటలు పడి ఉన్నాను. ఏసోబు కడిగి, వెలుతురుకు పెట్టి చూశాడు. సైలెన్సర్ గొట్టం వైపు మూల, బోల్టు కన్నం చుట్టూ గోడ అప్పడమంత పలచగా మిగిలింది. అప్పుడే వెళ్ళి "బావా, పాడు చేశా" అంటే సరిపోయేది. దివాకర్ తిట్టేవాడు, ప్రదర్శన పోయేది. ఆ పైన పని మొత్తం పౌడర్ కోటింగ్ వాళ్ళ పాలయ్యేది. ఏసోబు అల్యూమినియాన్ని కాస్టిక్‌లో ఉడకబెట్టాడని వీధంతా నవ్వుకునేది. అంతకంటే ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ నవ్వును అతను తట్టుకోలేకపోయాడు. నన్ను చక్రానికి ఎక్కించాడు. గుంటలు పోవాలంటే ఇంకా అరగదీయాలి. అరగదీశాడు. ఎప్పటికంటే బాగా మెరిశాను.

బిగించే రోజు సువర్ణరాజు నన్ను అందుకుంటూ, "అంతా బాగానే ఉందిగా?" అని మాటవరసకు అడిగాడు.

"బాగానే ఉంది బావా."

తాను పెంచిన పిల్లాడి మాట మీద అనుమానం ఎందుకు వస్తుంది? పానా పట్టి బోల్టులు ఒక్కొక్కటే బిగించాడు. ముప్పై ఏళ్ళుగా అతని చెయ్యే అతనికి కొలత. ఎంత బిగించాలో అంతే బిగించాడు, ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కువ లేదు. దానికి నేనే సాక్షిని. ఆ మూలలో సన్నటి పగులు పారింది. నా మెరుపులో అది ఎవరికీ కనపడలేదు.

ప్రదర్శన రోజు మండుటెండ. కార్లన్నీ వరసలో నిలబడి కదలకుండా ఇంజన్లు తిప్పుతున్నాయి. జనం నాలో మొహాలు చూసుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. పగులులోంచి నూనె చెమర్చి, కింద కాలిపోతున్న గొట్టం మీద పడి పొగ లేచింది. అందరికంటే ముందు చూసింది సువర్ణరాజే. "ఆపండి సార్, ఆపండి!" అంటూ వంగి చూశాడు. అప్పుడే ఆ మూల ఊడిపోయింది. కాగిన నూనె అతని మొహం మీదికి ఎగజిమ్మింది, గొట్టం మీద పడిన నూనె భగ్గున అంటుకుంది. జనం వెనక్కి పరిగెత్తారు. మంటలోకి చేతులు పెట్టి అతణ్ణి ఇవతలికి లాగింది, తన పనితనం చూసుకోవడానికి వచ్చిన ఏసోబు ఒక్కడే.

ప్రాణం దక్కింది. రెండు కళ్ళూ పోయాయి.

దివాకర్ చెడ్డవాడు కాడు. ఆసుపత్రి ఖర్చంతా పెట్టుకున్నాడు, కంటతడి కూడా పెట్టాడు. ఆ ఆసుపత్రి వరండాలోనే నన్ను ఏసోబు చేతికిచ్చి, కొత్త పోతకు నమూనాగా కొలిమికి ఇవ్వమన్నాడు. "ఈసారి ఏ ఫినిషింగ్ అయితే బాగుంటుందంటావ్?" అని అడిగాడు కూడా. ఏసోబు నన్ను కొలిమికి ఇవ్వలేదు. గోనెసంచిలో చుట్టి తన బల్ల కింద దాచాడు. చక్రం మళ్ళీ తిప్పలేదు. కూలికి వెళ్ళి, వచ్చింది వచ్చినట్టు అక్క చేతిలో పెట్టేవాడు.

అక్కడితో ఆగి ఉంటే మనుషుల కథ మామూలుగానే సాగిపోయేది. కానీ సువర్ణరాజు తప్పంతా తన చేతి మీద వేసుకున్నాడు. బోల్టు ఎక్కువ బిగించి మూత పగలగొట్టానని నమ్మాడు. సాటి మెకానిక్కులు వచ్చి, "నీకు కళ్ళెందుకు అన్నా, ఒక్కసారొచ్చి ఈ ఇంజన్ మోత విని చెప్పు చాలు" అని బతిమాలినా కదల్లేదు. "నా చెయ్యి చెడింది. నా మాట కూడా నమ్మమాకండి" అనేవాడు. పానాలన్నీ పంచిపెట్టేశాడు. అలిగిన బిడ్డల్లా పడి ఉన్న ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడట.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ, శాంతకుమారి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడట. "నా చేతిపని చూసుకుని గర్వపడ్డాను. ప్రభువు ఆ గర్వం అణిచాడు. నన్ను మంటలోంచి లాగి, నా ఇంటికి ఇన్ని గింజలు పెడతన్న నా బావమరిదిని ఆయన దీవించాలి" అని సాక్ష్యం చెప్పాడట. అందరూ ఆమెన్ అన్నారట. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ మధ్యాహ్నం ఏసోబు గోనెసంచి విప్పి, నన్ను ఎదురుగా పెట్టుకుని, తలుపు వేసుకుని చెప్పాడు. ఏడ్చాడు. నాకైతే జాలి కలగలేదు, కోపమే వచ్చింది.

తరువాత నన్ను చంకన పెట్టుకుని బావ ఇంటికి వెళ్ళాడు. సువర్ణరాజు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఏసోబు నన్ను అతని చేతుల్లో పెట్టాడు. ఆ చేతులు నన్ను వెంటనే గుర్తుపట్టాయి. చుట్టూ తడుముతూ విరిగిన మూల దగ్గరికి వచ్చి, గోడను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అక్కడే ఆగిపోయాయి. మళ్ళీ మళ్ళీ పట్టి చూశాడు. ముప్పై ఏళ్ళ చెయ్యి అది, దానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఇది నేను బిగించినందుకు విరిగింది కాదు" అన్నాడు నెమ్మదిగా.

"కాదు బావా. కాస్టిక్ తొట్టిలో మరిచిపోయా."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు బిగించకముందే."

వంటింటి గుమ్మంలో శాంతకుమారి చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. సువర్ణరాజు కళ్ళ గుంటల్లో నీళ్ళు రావని డాక్టర్లు చెప్పారు. అతని వేళ్ళు మాత్రం నా విరిగిన మూలను వదల్లేదు.

"కళ్ళు పోయినందుకు కాదురా" అన్నాడు చివరికి. "ఈ మూణ్ణెల్లూ నా చేతుల్ని నేనే తిట్టుకున్నా. నువ్వు పక్కనే కూకుని ఇన్నావు."

ఏసోబు కాళ్ళ మీద పడబోయాడు. సువర్ణరాజు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"శాంతా, మీ తమ్ముడు పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేడు. అన్నం పెట్టు. తిన్నాక, ఇంక ఈ గుమ్మం తొక్కొద్దని చెప్పు."

శాంతకుమారి కంచం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. మొహం చూడకుండానే వడ్డించింది. ఏసోబు చివరి మెతుకు దాకా తిన్నాడు. పెరట్లోకి వెళ్ళి కంచం తానే కడిగి, గట్టు మీద బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.