ఉప్పు డబ్బా నీళ్ళలో పడితే

మా బావ పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, ఎదుటి మనిషి కూడా జవాబు చెప్పగలడన్న సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. ఆసుపత్రిలో మిగిలిపోయిన ఉపన్యాసం ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గర మా మీద పడుతుంది. ఆయనకో చిన్న తెరచాప పడవ ఉంది. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడి మోకాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియనంత పడవ. దానికి సేవలు మాత్రం ఓ పెద్ద ఓడకు చేసినన్ని చేస్తాడు.

మా అక్క డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్ళో సగంమంది ఆమె చేత తిట్లు తిని లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే. నేను వాళ్ళింటి మేడమీద గదిలో ఉంటూ రెండు పూటలా కింద తింటాను. తిన్న పాపానికి ఆ ఉపన్యాసాలు వినాలి.

వాటన్నిటికీ తలమానికం లాంటిది ఒకటుంది. మనిషి నీళ్ళలో పడితే ఏం చెయ్యాలన్నది. అందులో ఉప్పు డబ్బా పడ్డ మనిషి, గరిటె పడవ, గాలి కిటికీలోంచి వస్తున్నట్టు అనుకోవాలి. "మనిషి పడగానే కంగారుగా వెనక్కి తిప్పకూడదు. ముందు గరిటె దూరంగా పోవాలి, ఇదిగో, ఈ మంచినీళ్ళ గ్లాసు దాకా. అక్కడ గాలికి ఎదురుగా ముక్కు తిప్పి, మళ్ళీ ఇటొచ్చి, ఉప్పు పక్కన తెరచాప తాడు వదిలేయాలి. తెరచాప టపటపా కొట్టుకుంటుంది, పడవ ఆగుతుంది" అంటూ కూర చల్లారేదాకా చూపిస్తాడు. అక్క ఒక్కసారి కూడా తలెత్తి చూసినట్టు నాకు గుర్తులేదు. "ఆ ఉప్పు ఇటివ్వండి" అని మునిగిపోతున్న మనిషిని లాక్కుని కూరలో చల్లుకునేది.

పెళ్ళైనప్పటి నుంచీ ఇదే తంతు. ఆదివారం వస్తే అక్క ఆయన్ని కారులో రేవు దగ్గర దింపుతుంది. ఆయన పడవెక్కి పోతాడు. ఆమె ఎక్కదు. పోయిన నెల మాత్రం ఆమె ఓపిక అయిపోయింది.

"ఒక్కసారి వస్తాను. నాకు నచ్చకపోతే దాన్ని అమ్మేయాలి. మళ్ళీ దాని మాటెత్తకూడదు" అంది.

బావ గొప్పగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మొహం పాలిపోయింది. ఆ పడవ లేకపోతే ఆయనకు పళ్ళు తప్ప మరో లోకం లేదు పాపం.

ఇక వారమంతా పడవకు పెళ్ళికూతురి అలంకారమే. పడవలో మనం అడుగుపెట్టే చెక్క గరుకుగా ఉండేది. తడిసినా కాలు జారకుండా రంగులో సన్న ఇసుక కలిపి వేస్తారు. అది నాకెలా తెలుసంటే, అదీ ఓ ఉపన్యాసమే. అంత చెప్పిన పెద్దమనిషే, ఆ గరుకు అక్క అరికాళ్ళకు గుచ్చుకుంటుందని మొత్తం గోకి పారేశాడు. పైన వార్నిష్ పూసి, ఆపైన మైనం పట్టించి, ముందుపళ్ళలా తళతళలాడించాడు. వెనక వేలాడే నిచ్చెన చప్పుడు చేస్తే అక్కకు చిరాకని, దాన్ని పైకి మడిచి తాడుతో బిగించి కట్టాడు. ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు.

"జారదా బావా?" అన్నాను.

"నీకు అందమంటే తెలీదు బామ్మర్దీ" అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. లైఫ్ జాకెట్ పైకి లేచిపోకుండా కాళ్ళ మధ్యనుంచి ఓ పట్టీ వస్తుంది. మా ఇద్దరికీ అది దగ్గరుండి బిగించాడు. తనది మాత్రం వదిలేశాడు, కొత్త ప్యాంటు నలుగుతుందట.

రేవు గోడ దాటాం. తెరచాప నిండింది. బావ చుక్కాని కర్ర అక్క చేతిలో, తెరచాప తాడు ఆమె రెండో చేతిలో పెట్టి, "ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే పట్టుకో" అన్నాడు.

"వెనక ఎవరొస్తున్నారో చూడ్డానికి అద్దాలేవి?"

"ఉండవు."

"బ్రేకు?"

"అదీ ఉండదు."

"బ్రేకు లేని బండి తోలుతున్నారా ఇన్నాళ్ళూ!"

బావ నవ్వి, పడవ ముందుభాగంలోకి వెళ్ళి, మా వైపు తిరిగి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని కూర్చున్నది మేమిద్దరమే, అయినా ఆయనకు చాలు. "అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పడవలో ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునే ఉండాలి. పట్టుకోకపోతే ఏమవుతుందో చూడండి" అని, పట్టుకున్న తాడు వదిలేశాడు.

చూశాం. ఓ చిన్న అల వచ్చి పడవను కాస్త ఊపింది. మైనం తన పని తాను చేసింది. ఉపన్యాసం సగంలో ఉండగానే మా బావ తళతళలాడే చెక్క మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారి, దభీమని నీళ్ళలో పడ్డాడు.

నేను నవ్వాను. తల తిప్పి చూసేసరికి ఆయన చాలా వెనక ఉన్నాడు. పట్టీ లేని జాకెట్ పైకి లేచి చెవుల్ని మింగేసింది. కళ్ళద్దాలు, ముక్కు, అంతే కనపడుతున్నాయి. అల లేచినప్పుడు అవీ కనపడటం లేదు.

"ఒరేయ్! ఉప్పు డబ్బా మీంచి కన్ను తీశావంటే చంపేస్తా. వేలు చూపిస్తూనే ఉండు" అంది అక్క.

నేను వేలు చాపాను. పడవ మాత్రం ఆయనకు ఇంకా దూరంగా పోతోంది.

"అక్కా, బావ అటు!"

"తెలుసు. నోర్మూసుకో. ముందు గ్లాసు దాకా పోవాలి."

అంత దూరం పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు చచ్చేంత భయం వేసింది. ఆ వేలు దించితే బావ ఉండడన్నట్టు అనిపించింది. ఆయన మొదట ఏదో అరిచాడు. తర్వాత అరవలేదు. మా బావ నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, అదే ఎక్కువ భయపెట్టింది.

"తల వంచు!" అంది అక్క. పడవ గాలికి ఎదురు తిరిగింది. తెరచాప కింది అడ్డకొయ్య నా జుట్టు రాసుకుంటూ అవతలికి పోయింది. ఇప్పుడు నా వేలు ముందుకు చూపిస్తోంది. సందులో కారు పెట్టేదానిలా అక్క పెదవి కొరుక్కుంటూ వచ్చి, ఆయన పక్కన తాడు వదిలేసింది. తెరచాప టపటపా కొట్టుకుంది. పడవ ఆగింది.

ఇద్దరం బావ జాకెట్ పట్టుకున్నాం. పైకి లాగబోతే మా కాళ్ళే జారుతున్నాయి. నిచ్చెన కావాలి. నిచ్చెనకేమో ముడి మీద ముడి. అక్క ఆయన్ని పట్టుకుంటే, నేను బోర్లా పడుకుని ముడిని నోటితో అందుకున్నాను.

"పళ్ళతో వద్దురా! పైపళ్ళు కదిలిపోతాయి!" అన్నాడు బావ నీళ్ళలోంచి.

"నువ్వు మాట్లాడకు, నీళ్ళు తాగుతావు!" అని అరిచింది అక్క. ఆమె ఆయన్ని నువ్వు అనడం నేను వినడం అదే మొదటిసారి.

చివరికి ముడి ఊడింది, నిచ్చెన దిగింది, బావ ఎక్కాడు. తడి చెక్క మీద కూలబడ్డాడు. అక్క ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. తర్వాత వీపు మీద ఒక్కటిచ్చుకుంది. తర్వాత ఏడ్చింది.

"నువ్వెప్పుడు విన్నావే ఆ పాఠం?" అన్నాను, నాకూ ఏడుపొస్తోందని తెలియనీయకుండా.

"నా చెవులకు మూతలున్నాయా? పైగా పడేది ఎవరో నాకు ముందే తెలుసు" అంది ముక్కు తుడుచుకుంటూ.

బావ వణుకుతున్నాడు. "పాఠం నాదే. అటే పోవాలని నాకూ తెలుసు. అయినా నువ్వు అటు పోతుంటే, వదిలేసి పోతున్నావనిపించింది. పడవ అలా చిన్నదై పోతుంటే చూడ్డం ఇంత ఘోరంగా ఉంటుందనుకోలేదు" అన్నాడు.

"నాకు తెలుసండీ" అంది అక్క. "ప్రతి ఆదివారం ఒడ్డున నిలబడి నేను చూసేది అదే."

ఇన్నేళ్ళూ ఆయన్ని దింపేసి ఇంటికి పోతుందనుకున్నాను. బావ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. ఒడ్డు చేరేదాకా ఉపన్యాసం లేదు. కారెక్కాక, "అమ్మేద్దాంలే" అన్నాడు తనంతట తనే. అక్క గేరు మార్చింది.

పై ఆదివారం తెల్లారగానే అక్క మా ఇద్దరి చేతుల్లో చెరో ఉప్పు కాగితం పెట్టి, ఆ మెరుపంతా రుద్దించింది. ఇసుక కలిపిన రంగు తనే దగ్గరుండి వేయించింది. అది ఆరాక మళ్ళీ ఓ ఆదివారం ముగ్గురం రేవుకు వెళ్ళాం. నిచ్చెనకు ఈసారి ఒకే ముడి, నీళ్ళలోంచి లాగితే ఊడిపోయేది. అక్క వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చుని, బావ వైపు చూసి, "పట్టీ" అంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళతో బెల్టు అన్నట్టే. బావ బుద్ధిగా కాళ్ళ మధ్య పట్టీ బిగించుకున్నాడు. వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, ఏదో ఒకటి పట్టుకోవాలి కాబట్టి, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వదలండి, చుక్కాని తిరగట్లేదు" అంది అక్క.

ఆయన వదల్లేదు. ఆమె మళ్ళీ అడగలేదు.