అవతలి ఒడ్డున నలుగురే

వంతెనకు ఇవతల నాకొక చెప్పుల దుకాణం, అవతల ఇంకొకటి. ఆ మధ్య ఆరోగ్యశాఖవాళ్లు రక్తపరీక్షల చిట్టాలు చూసి ఊళ్లో షుగరు లెక్క తీసి, పటం గీసి గోడలకు అంటించారు. మా ఒడ్డు ఎర్రగా ఉంది, నూటికి పద్దెనిమిది మంది. అవతలి ఒడ్డు తెల్లగా ఉంది, నూటికి నలుగురు.

నెల తిరక్కుండానే టైలరు పని చేసే నా బావమరిది కుట్టుమిషనుతో సహా అవతలికి కాపురం మార్చేశాడు.

"అక్కడి గాలే వేరు బావా! నలుగురంటే నలుగురే!"

"నూటికి నలుగురురా."

"అయితే మాత్రం, ఆ నలుగురిలో నేనెందుకుంటాను?"

నాకు ఆ లెక్క కుదరలేదు. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు అడిగే మెత్తడుగు చెప్పులు రెండు దుకాణాల్లోనూ వారానికి పదేసి జతలు పోతున్నాయి. ఆరా తీస్తే తేలింది. రక్తపరీక్ష చేసే చోట్లు మా ఒడ్డున ఆరు. అవతల ఒక్కటే, అదీ గురువారాలు మాత్రమే తెరుస్తారు.

బావమరిదికి చెబితే పకపకా నవ్వాడు.

"నీకు కుళ్లు బావా. ఎర్ర ఒడ్డువాడివి కదా!"

మొన్న వాడికి కొత్త చెప్పులు తొడిగి చూద్దామని కుట్టుగదికి వెళ్లాను. కాలెత్తితే అరికాల్లో గుండుసూది తలదాకా దిగి ఉంది. చుట్టూ నల్లబడింది.

"ఇదెప్పుడు గుచ్చుకుందిరా?"

"ఏది?"

పీకి చేతిలో పెట్టాను. దాని ఆకుపచ్చ తల చూసి వాడి మొహం పాలిపోయింది.

"పచ్చ సూదులు అయిపోయి వారమైంది బావా..."

అప్పటికప్పుడే మా ఒడ్డుకు లాక్కొచ్చాను. షుగరు మూడువందల నలభై.

"ఇంకొన్నాళ్లు ఆగుంటే వేళ్లు తీసేయాల్సొచ్చేది," అంది డాక్టరమ్మ. పుండు కడిగి కట్టు కట్టి, మందులు రాసి, చిరునామా అడిగింది.

వాడు నా చెవిలో గొణిగాడు. "మీ ఇంటిది చెప్పు బావా. మా ఒడ్డు పరువు పోతుంది."

"ముందు కాలు దక్కింది, సంతోషించు," అని వాడి చిరునామానే రాయించాను.

వంతెన సగం దాటేదాకా మూతి ముడుచుకుని కుంటుతూ నడిచాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"బావా, ఆ నలుగురి ఇళ్లెక్కడో కాస్త కనుక్కోవూ? పథ్యం ఏం చేస్తున్నారో అడుగుదాం."