మూడొందల రెండు వారి వైఫై

మూడో అంతస్తులో ఉండే ఆమెను ఆ భవనంలో అందరూ టకటకమ్మ అంటారు. పొద్దున తొమ్మిదింటికి తలుపేసుకుని కీబోర్డు ముందు కూర్చుందంటే ఆ చప్పుడు మెట్ల దాకా వినిపిస్తుంది. డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పి పంపే రికార్డింగులు విని, రిపోర్టులుగా టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. కొన్నిటికి సాయంత్రం దాకా గడువుంటుంది, కొన్నిటికి ఇరవై నిమిషాలే. ఆ సోమవారం వచ్చింది రెండో రకం. గుండె డాక్టరు గొంతు. ఆపరేషన్‌కి అంతా సిద్ధంగా ఉందని, త్వరగా కావాలని చివర్లో రెండుసార్లు చెప్పాడు.

పద్నాలుగు నిమిషాల్లో టైపు పూర్తయింది. పంపబోతే ఎనభై రెండు శాతం దగ్గర ఆగిపోయింది. రౌటర్ ఆపి మళ్ళీ వేసింది. కదల్లేదు. చివరికి తన ఫోన్ డేటాతో పంపేసరికి నలభై నిమిషాలైంది.

వెంటనే సూపర్‌వైజర్ ఫోన్ చేసింది.

"ఈ నెలలో ఇది మూడోసారండీ. అక్కడ మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మన కాగితం కోసం చూస్తున్నారు, తెలుసా?"

"నెట్ ఆగిపోతోందండీ. నేను టైపు చెయ్యడం టైముకే..."

"ఇంట్లో ఎవరైనా సినిమాలు చూస్తున్నారా?"

"ఎవరూ లేరండీ. నేనూ మా అత్తగారూ అంతే."

"నెట్‌వర్క్‌కి పాస్‌వర్డ్ ఉందిగా? ఒప్పందంలో మొదటి షరతే అది. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదు."

"ఉందండీ," అంది. ఉందనే అనుకుంది. రెండేళ్ళ కిందట కనెక్షన్ ఇచ్చినతను తలుపు దగ్గరే చెప్పులు వేసుకుంటూ "అన్నీ సెట్ చేశానమ్మా" అని వెళ్ళాడు. ఆ మాటను ఆమె నమ్మింది.

అయినా మనసులో ఏదో గుచ్చుకుంది. కనెక్షన్ కంపెనీకి ఫోన్ చేసింది. అవతల మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా ఒక్కొక్కటే చెప్పింది. రౌటర్ అడుగున అంటించిన చీటీ మీది అంకెలు కొట్టమంది, ఒక పేజీ తెరుచుకుంది. అందులో ఆ నిమిషాన ఆ నెట్ వాడుతున్నవాటి జాబితా ఉంది. తన కంప్యూటర్, తన ఫోన్, అత్తగారి టాబ్. ఈ మూడే ఉండాలి. పద్నాలుగు ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు "సెలూన్ టీవీ".

"మేడమ్, మీ నెట్‌వర్క్‌కి అసలు పాస్‌వర్డే లేదండీ. పెట్టిన రోజు నుంచీ తెరిచే ఉంది."

రెండేళ్ళు! ఎవరి గర్భసంచీలో ఏముందో, ఎవరికి ఏ జబ్బు తిరగబెట్టిందో, భర్తకు చెప్పొద్దని ఏ ఇల్లాలు డాక్టరును బతిమాలుకుందో, అన్నీ ఈ గుమ్మంలోంచే వెళ్ళాయి. ఆ గుమ్మానికి తలుపే లేదట. పైగా ఇందాకే సూపర్‌వైజర్‌తో "ఉందండీ" అని చెప్పింది తను.

"ఒక్క పది నిమిషాలాగి మళ్ళీ చేస్తానమ్మా," అని ఫోన్ పెట్టేసి కిందికి దిగింది.

కింది అంతస్తులో వీధి వైపు ఉన్న సెలూన్‌లో గోడ నిండా టీవీ. అందులో క్రికెట్. బెంచీ మీద నలుగురు తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. పెద్ద అద్దం మూలన రంగుల కాగితం అంటించి ఉంది: "కస్టమర్లకు ఉచిత వైఫై. పేరు: ఇల్లు 302. పాస్‌వర్డ్ అక్కర్లేదు."

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఇది మా ఇల్లండీ," అంది.

సెలూన్ ఆయన ఒక కస్టమర్ గడ్డానికి నురగ పూస్తూ అద్దంలోంచే చూశాడు. "అవునమ్మా, మీదే. మంచి స్పీడు. అందరూ మెచ్చుకుంటారు."

"మెచ్చుకుంటారా! ఎవర్నడిగి పెట్టారు?"

"తాళం లేదు కదమ్మా. అందరికీ వదిలేశారనుకున్నాం. అయినా గాల్లో వచ్చేదేగా, మేం వాడితే అరిగిపోతుందా?"

"మీ షాపు తలుపు తీసే ఉంది. నేనొచ్చి ఆ కుర్చీ పట్టుకుపోనా?"

బెంచీ మీద ఒకతను కిసుక్కున నవ్వాడు. సెలూన్ ఆయన మొహం మాడ్చుకున్నాడు. "చిన్న విషయానికి అంత పెద్ద మాటలెందుకమ్మా, ఆడవాళ్ళు..."

మిగతాది వినకుండా ఆమె మెట్లెక్కింది. మళ్ళీ ఫోన్ చేసి, ఆ అమ్మాయి చెప్పినట్టే పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టింది. రౌటర్ పేజీకి వెళ్ళే రహస్యపదం కూడా మార్చింది. జాబితాలో పద్నాలుగూ పోయి, తనవి మూడే తిరిగొచ్చాయి.

పావుగంటలో బెల్లు మోగింది. పై అంతస్తు ట్యూషన్ టీచరు.

"మీకూ నెట్ పోయిందా అండీ?"

"పోలేదు. పాస్‌వర్డ్ పెట్టాను."

టీచరు మొహం రంగు మారింది. "అదేంటండీ! పిల్లలకి వీడియో పాఠం సగంలో ఉంది. కట్ చేసేముందు ఒక్క మాట చెప్పాల్సింది."

"మీరు కలుపుకునేముందు ఒక్క మాట చెప్పారా?"

"ఇంత చిన్న మనసనుకోలేదు," అని టీచరు విసవిసా వెళ్ళిపోయింది. టకటకమ్మ తలుపు ధడాలున వేసింది. తప్పు చేసినవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టున్నారు, తనేమో దొంగలా సంజాయిషీ ఇచ్చుకోవాలి!

సాయంత్రం భర్త వచ్చాడు. ఆయన లిఫ్టు మెకానిక్, వీధిలో అందరికీ కావలసినవాడు. అంతా విని "పోనీలెద్దూ, ఎదురుపడే మొహాలు" అన్నాడు. పాస్‌వర్డ్ మాత్రం అడిగి ఫోన్‌లో పెట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకండి" అని ఆమె మూడుసార్లు చెప్పింది.

గురువారం మధ్యాహ్నం ఫైలు మళ్ళీ ఆగింది. జాబితా తెరిచింది. నాలుగో వరుసలో "సెలూన్ టీవీ".

ఆ రోజు భర్త భోజనానికి ఇంటికొచ్చాడు. కొత్త క్షవరం, మెడ మీద పౌడరు.

"మీరు చెప్పారు కదూ?"

ఆయన కంచం వైపు చూశాడు. "సగం తల కత్తిరించి ఆపేశాడే! ఒక పక్క ఉంది, ఇంకో పక్క లేదు. అప్పుడడిగాడు. ఏం చెయ్యమంటావు?"

మామూలు రోజైతే ఆమె పడీపడీ నవ్వేది.

"ఆ సగం తలతోనే రావాల్సింది! మీరు లిఫ్టు బాగుచేసేటప్పుడు ఎవరో వచ్చి తీగ పట్టుకు లాగితే ఊరుకుంటారా? అది పని, ఇది ఆటా? ఇంట్లో కూర్చుని చేస్తున్నాను కాబట్టి నాది పనిలా కనపడదు మీకు. ఎవరికో గుండె కోస్తారండీ నేను పంపే కాగితం చూసి!"

"అంత దూరం ఆలోచించలేదే..."

అంతవరకూ మాట్లాడని అత్తగారు మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఆలోచించవురా. ఊళ్ళో మంచివాడనిపించుకోడానికి పెళ్ళాం ఉద్యోగం పంచిపెట్టొచ్చావు. మా బాగా చేశావు."

ఆయన మరి అన్నం కలపలేదు.

టకటకమ్మ గదిలోకి వెళ్ళి ముందు పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ సోమవారం అన్న ఆ "ఉందండీ" గొంతులో ముల్లులా ఉండిపోయింది. సూపర్‌వైజర్‌కి తనే ఫోన్ చేసింది.

"ఆ రోజు నేను చూడకుండా చెప్పానండీ. రెండేళ్ళు తాళం లేదు. మొన్న వేశాను, మధ్యలో మళ్ళీ బయటికి పోయింది, ఇవాళ మార్చాను."

"మావాళ్ళు పరీక్షించేదాకా మీకు పని ఇవ్వలేను. రాతపూర్వకంగా హెచ్చరిక కూడా వస్తుంది."

"రానివ్వండి," అంది. ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. మళ్ళీ మెట్లు దిగింది. ఈసారి వెనకాల భర్త కూడా వచ్చాడు, పిలవకుండానే.

సెలూన్‌లో ఇద్దరే కస్టమర్లున్నారు. అద్దం మీద కాగితం అలాగే ఉంది. "పాస్‌వర్డ్ అక్కర్లేదు" అన్నది కొట్టేసి, కింద ఇంట్లో మనుషులకు మాత్రమే తెలియాల్సిన ఆ పదం పెన్నుతో రాసి ఉంది.

"తీసెయ్యండి," అంది.

"మారిపోయిందిగా, ఇంక పనిచెయ్యదు కదమ్మా."

"పనిచేసినా చెయ్యకపోయినా మా ఇంటి నంబరది. తీసెయ్యండి."

సెలూన్ ఆయన సాయం కోసం భర్త వైపు చూశాడు. "ఏంటన్నా ఇది, మీరైనా చెప్పండి."

"నువ్వు నన్నడగాల్సింది కాదు, నేను చెప్పాల్సిందీ కాదు. తీసెయ్," అన్నాడాయన.

కాగితం ఒక్కసారిగా ఊడి రాలేదు. సెలూన్ ఆయన గోటితో గీకాల్సి వచ్చింది. చివరి ముక్క ఊడేదాకా టకటకమ్మ అక్కడే నిలబడింది. క్షమించమని ఆయన అనలేదు. ఆమె అడగనూ లేదు.

నాలుగు రోజులకు కంపెనీ వాళ్ళు పరీక్షించి మళ్ళీ పని ఇచ్చారు. హెచ్చరిక ఉత్తరం కూడా వచ్చింది. ట్యూషన్ టీచరు మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగిపోతోంది. మొదట్లో టకటకమ్మకు అది కష్టంగానే ఉండేది. ఇప్పుడు "కాస్త జరుగుతారా" అని చెప్పి, మెట్ల మధ్యలోంచే నడిచి వెళుతోంది.